కోనసీమలో పాట దాగిన యిండ్లు

గోదావరి ధవళేశ్వరమువద్ద ఆనకట్టను దాటిన పిమ్మట గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్దపాయలుగా చీలి సముద్రమునకు పోవుచున్నది. వసిష్ఠనుండి వైనతేయ యను మరియొక పాయ విడివడును. ఈ పాయల నడుమనున్న పల్లపుభూమియే కోనసీమ. కొత్తపేట, అమలాపురము, రాజోలు ఇందలి ముఖ్యమైన ఊళ్లు. ఒకప్పుడు ఈ సీమకు రావలెనన్న పడవ యెక్కక తప్పెడిది కాదు. నేడు వంతెనలు వచ్చినవి. 2022వ సంవత్సరమున అమలాపురము ముఖ్యస్థానముగా ప్రత్యేకమైన జిల్లాయు ఏర్పడినది.

ఈ సీమను చూచి వచ్చినవారు కొబ్బరితోటలను, కాలువగట్లను, అరటిగెలలను, ఆత్రేయపురపు పూతరేకులను పొగడుదురు. అవి పొగడదగినవే. కాని ఈ సీమకు మరియొక సంపద కూడ ఉండెను. అది కంటికి కనబడునది కాదు; ఇప్పుడు చెవికిని అరుదుగానే వినబడును. మన ముత్తవ్వల కాలమున ఇచ్చటి కలవారి యిండ్లలో పెండ్లి జరిగినను, కోవెలలో స్వామివారి కల్యాణము జరిగినను మేళము లేనిదే శోభ లేదు. ఆ మేళములలో పాడి యాడినవారు కళావంతుల కులపు స్త్రీలు. వారి పాట మన యిండ్లలోనికి వచ్చినది. వారిని మాత్రము మనము గడప దాటి రానీయలేదు. వారు కాపాడిన పదములను నేడు మన పిల్లలు నేర్చుకొనుచున్నారు. వారి పేళ్లు మనకు తెలియవు. ఈ ఋణమును మనసున నుంచుకొని కోనసీమను ఒకమారు చూచి వత్తము.

ర్యాలి, పలివెల

రాజమహేంద్రవరమునుండి వచ్చువారు జొన్నాడవద్ద గౌతమిని దాటి రావులపాలెము చేరుదురు. అచ్చటికి సమీపమున ర్యాలి గ్రామము కలదు. ఇచ్చటి జగన్మోహినీ కేశవస్వామి విగ్రహము ఒకే శిల. ముందునుండి చూచిన కేశవుడు. వెనుకనుండి చూచిన మోహిని. అమృతము పంచుటకై విష్ణువు స్త్రీరూపము దాల్చినపుడు ఆ మోహిని కొప్పునుండి ఒక పువ్వు ఇచ్చట రాలెననియు, ఆ రాలుటచేతనే ఊరికి ర్యాలి యను పేరు వచ్చెననియు స్థలపురాణము చెప్పుచున్నది.

రావులపాలెమునుండి కొత్తపేట మీదుగా పోయిన పలివెల వచ్చును. ఇచ్చటి దేవుడు ఉమా కొప్పులింగేశ్వరుడు. శివలింగమునకు కొప్పుండుట మరియొకచోట వినము. దీనికి ఒక కథ కలదు. పూర్వము ఇచ్చటి అర్చకుడు ఒక వేశ్యయందు అనురక్తుడై, స్వామికి తెచ్చిన పూలమాలను ముందుగా ఆమె కొప్పున ముడిచి చూచుకొని మురియుచుండెడివాడట. ఒకనాడు రాజు ప్రసాదముగా పుచ్చుకొనిన మాలలో పొడవైన వెండ్రుక కనబడెను. ఇది యెక్కడిదని రాజు గద్దించెను. అర్చకుడు భయపడి, స్వామికే కొప్పున్నదని బొంకెను. మరునాడు రాజు స్వయముగా వచ్చి చూడగా లింగముమీద నిజముగనే కొప్పు వెలసియుండెను. భక్తుని మాట నిలుపుటకై పరమేశ్వరుడు కొప్పు దాల్చెనని జనులు నేటికిని చెప్పుకొందురు.

ఈ రెండు కథలను మనము చిన్ననాటనుండి భక్తితో వినుచున్నాము. కాని ఒక్క సంగతి గమనింపుడు. పలివెల కథలో అర్చకుడు రక్షింపబడెను, రాజు సంతోషించెను, దేవునికి క్రొత్తపేరు వచ్చెను. ఆ వెండ్రుక ఎవరిదో ఆ స్త్రీ పేరు మాత్రము మనము వినుకథలో వినబడదు. ఆమె ఏమి చదివెనో, ఏమి పాడెనో కథకు అక్కర లేకపోయెను. కోనసీమ కళావంతుల చరిత్ర యంతయు ఇట్టిదే. కథ వారివలననే నడచును. వారి పేరు దానిలో నుండదు.

అమలాపురపు త్రోవలో

పలివెలనుండి అంబాజీపేట కొబ్బరిసంత మీదుగా అమలాపురము చేరవచ్చును. ఈ త్రోవ పొడవునను చిన్న చిన్న శివాలయములు, కేశవాలయములు, పాతకాలపు మండువాలోగిళ్లు కనబడును. ఆ కోవెల మండపములును, ఆ లోగిళ్ల ముంగిట వేసిన పెండ్లిపందిళ్లును ఒకప్పుడు మేళములకు రంగస్థలములు.

"సాని" యను మాట "స్వామిని" యను మాటనుండి వచ్చినది. ఒకప్పుడది గౌరవవాచకము. గౌతమికి ఆవలియొడ్డున ఉన్న ద్రాక్షారామ భీమేశ్వరాలయమున సానులు అఖండదీపములకై చేసిన దానములను తెలుపు శాసనములు కలవు. దానము చేయుటకు ఆస్తి, శాసనమున పేరు చెక్కించుకొనుటకు స్థానము వారికుండెనన్నమాట. అట్టి మాట కాలక్రమమున తిట్టుగా మారినది.

వీరి విద్య సామాన్యమైనది కాదు. ఆడుదానికి అక్షరములు నేర్పుట అనర్థమని గృహస్థులు తలచిన కాలమున ఈ బాలికలు తెలుగును, కొంత సంస్కృతమును చదివిరి. క్షేత్రయ్య పదములు, జావళులు, అధ్యాత్మరామాయణ కీర్తనలు, భామాకలాపము, గొల్లకలాపము వీరికి కంఠస్థములు. పదమును పాడుచు, కూర్చుండిన చోటనుండియే కన్నులతోను చేతులతోను భావము చూపుట వీరి ప్రత్యేకవిద్య. పల్లవిలోని ఒక్క మాటను పట్టుకొని కోపమును, అలుకను, ఎత్తిపొడుపును, నిరాశను వేరువేరుగా చూపుటకు ఎన్ని యేండ్ల సాధన కావలెనో సంగీతము నేర్చిన సోదరీమణులకు చెప్పనక్కర లేదు.

అయితే ఈ బ్రతుకులో వెలుగు మాత్రమే చూచుట న్యాయము కాదు. ఊహ తెలియని పిల్లను దేవునికి అర్పించి, ఆమెకు వివాహమును, ఇష్టమైన జీవితమును లేకుండ చేయు ఆచారము మంచిది కాదు. కలవాని దయ యున్నంతకాలమే అన్నము. ఆ దయ తప్పిన ముదిమిలో దిక్కుండెడిది కాదు. కనుకనే రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు ఈ ఆచారముమీద కత్తి దూసిరి. మదరాసు శాసనసభలో ముత్తులక్ష్మీరెడ్డిగారు పట్టుదలతో పనిచేసి, కోవెలసేవకై యిచ్చిన ఈనాము భూములను ఆ స్త్రీలు సేవ లేకయే అనుభవించునట్లు 1929లో చట్టమును మార్పించిరి. తుదకు 1947లో దేవదాసీ సమర్పణ నిషేధచట్టము వచ్చెను. కోవెలలలో వారి నాట్యమును కూడ ఆ చట్టమే ఆపెను.

బాలికను అర్పించుట ఆగినది, అది మేలే. కాని దానితోపాటు అప్పటికే విద్య నేర్చియున్న స్త్రీ నోటి పాటయు ఆగినది. నేర్చిన విద్యతో గౌరవముగా బ్రతుకుటకు మరియొక వాకిలి ఎవరును తెరువలేదు. ఇంచుమించు ఆ దశాబ్దములలోనే మన గృహములలో ఆడపిల్లలకు సంగీతము నేర్పుట మొదలైనది. అంతకుముందు "పాట మనకెందుకు? అది వారి వృత్తి" యనిన పెద్దలే, పాట వచ్చిన పిల్లకు మంచి సంబంధము వచ్చునని హార్మోనియము కొని తెచ్చిరి. విద్య మన యింటికి వచ్చునప్పటికి, దానిని అంతకాలము మోసినవారి నోరు మూతపడినది.

భామాకలాపమునే చూడుడు. కూచిపూడి పురుషులు సత్యభామ వేషము వేసి దేశమంతట కీర్తి నొందిరి. వారిలో అగ్రగణ్యులైన వేదాంతము సత్యనారాయణశర్మగారికి 1970లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. అది ఆయన విద్యకు తగిన సత్కారమే. కాని అదే సత్యభామను అదే గోదావరీతీరమున ఆడుది ఆడినపుడు మనము ఏమంటిమి? ఆమె మగవానికి మందు పెట్టినదంటిమి.

మరియొక నదీతీరము

ఈ అన్యాయము మన దేశమున మాత్రమే కాదు. అమెరికా దక్షిణభాగమున మిసిసిపీ, యాజూ యను రెండు నదుల నడుమ ఒండ్రుమట్టితో నిండిన సీమ యొకటి కలదు. దానిని ఆ దేశస్థులు "డెల్టా" యనియే పిలుతురు. మనకు వరి యెట్లో వారికి ప్రత్తి అట్లు. ఆ పొలములలో చెమటోడ్చినవారు పూర్వము బానిసలుగా నుండిన నల్లజాతివారి సంతతి. వారి నోట పుట్టిన పాటకు "బ్లూస్" అని పేరు. వారి భాషలో దిగులునకు నీలిరంగు గుర్తు. సామాన్యముగా ఒక చరణమును రెండుమారులు పాడి, మూడవమారు దానికి జవాబు చెప్పుదురు. కూలి దక్కకపోవుట, వరద వచ్చుట, మగడు విడిచిపోవుట, ఊరు విడుచుట వీని విషయములు.

1903వ సంవత్సర ప్రాంతమున హాండీ యను సంగీతజ్ఞుడు ఆ సీమలో టట్విలర్ అను చిన్న స్టేషనులో రైలుకొరకు వేచియుండెను. చినిగిన బట్టలతో ఒక నల్లవాడు గిటారు తీగలమీద కత్తిని ఆనించి జరుపుచు పాడుట ఆయన వినెను. అంత విచిత్రమైన సంగీతమును తానెన్నడును వినలేదని ఆయన తన జీవితచరిత్రలో వ్రాసికొనెను. హాండీ పేరు లోకమంతట తెలిసినది. ఆ పాడినవాని పేరు నేటికిని ఎవరికిని తెలియదు. పలివెల వెండ్రుకవంటి కథయే ఇదియు.

ఈ పాటను మొదట గ్రామఫోను పళ్లెములకెక్కించినది స్త్రీలే. 1920లో మేమీ స్మిత్ పాడిన పళ్లెము విరివిగా అమ్ముడుపోయిన పిమ్మటనే వర్తకులకు కన్నులు తెరువబడెను. 1923లో మా రెయినీ, బెస్సీ స్మిత్ పాటలు వెలువడెను. మన దేశమున కూడ ఇట్లే జరిగినది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్, తరువాత దక్షిణమున కోయంబత్తూరు తాయి మొదలగువారు యంత్రమునకు పాడిరి. గృహస్థుల స్త్రీలు యంత్రము ముందు నోరు విప్పుటకు జంకిన కాలమది.

బెస్సీ స్మిత్ 1937లో మిసిసిపీ సీమలోనే మోటారు ప్రమాదమున మరణించెను. నల్లజాతి స్త్రీ యని తెల్లవారి ఆస్పత్రి ఆమెను చేర్చుకొనలేదని కథ పుట్టెను. తరువాత విచారించినవారు అట్లు జరుగలేదని తేల్చిరి. కథ మాత్రము చావలేదు. అంతకంటె విచారకరమైన నిజము మరియొకటి కలదు. వేలకొలది జనులు ఆమె అంత్యక్రియలకు వచ్చిరి. కాని ఆమె సమాధిమీద పేరు చెక్కిన రాయి 1970వరకు లేదు. ఒకనాడు బాల్యమున ఆమెను ఎరిగియుండిన స్త్రీ యొకతెయు, ఆమె పాట విని గాయని యైన జానిస్ జాప్లిన్ అను యువతియు ఖర్చు భరించి ఆ రాతిని నిలిపిరి.

రాబర్ట్ జాన్సన్ అనునాతడు (1911-1938) తన జీవితములో 29 పాటలు మాత్రమే పళ్లెములకెక్కించి యౌవనముననే మరణించెను. అతడు అర్ధరాత్రివేళ నాలుగుదారుల కూడలిలో సైతానుకు ఆత్మ నమ్ముకొని ఆ విద్య సంపాదించెనని నేటికిని చెప్పుదురు. పేదవాని సాధనను నమ్ముటకంటె దయ్యమును నమ్ముట లోకమునకు సులభము. అచ్చట సైతాను, ఇచ్చట మందు. కష్టపడి నేర్చిన విద్యకు రెండుచోట్లను దక్కిన మర్యాద ఇదియే.

ఆ దేశమున ఒక మంచిపని జరిగినది. 1928లో కొన్ని పాటలు పాడి మరుగైపోయిన జాన్ హర్ట్ అను వ్యవసాయకూలీని, అతని పాటలో వినబడిన ఆవలాన్ అను ఊరిపేరు పట్టుకొని 1963లో ఒక యువకుడు వెదకి పట్టుకొనెను. ముసలివాడు మరల గిటారు పట్టి, తాను బ్రదికియుండగనే వేలమంది ఎదుట గౌరవముతో పాడెను. పాటలోని ఊరిపేరే పాడినవాని చిరునామా యైనది.

తలుపు మూసికొని పాడిన పాట

మన సీమలోను వెదకినవారు లేకపోలేదు. నటరాజ రామకృష్ణగారు గోదావరీమండలమున కళావంతుల యిండ్లకు పోయి, వారి నాట్యమును లోకమునకు చూపుటకు పాటుపడిరి. వసిష్ఠకు ఆవలనున్న బల్లిపాడు కోవెలలో సేవ చేసిన సరిదె మాణిక్యమ్మగారివద్ద స్వప్నసుందరిగారు ఈ విద్యను నేర్చుకొని, 1990వ దశాబ్దమున దానిని "విలాసినీ నాట్యము" అను పేరుతో రంగమునకు తెచ్చిరి. కోవెల సేవావిధానమును కోవెలలోనే మరల చూపిరి. దవేశ్ సొనేజీ అను పండితుడు తూర్పుగోదావరి కళావంతుల యిండ్లలో యేండ్లతరబడి తిరిగి, కోటిపల్లి హైమావతి మొదలగు స్త్రీల జ్ఞాపకములను 2012లో ప్రకటించిన తన గ్రంథమున పొందుపరచెను.

ఆ గ్రంథమున ఒక సంగతి మనసును కలచివేయును. చట్టము వచ్చి అర్ధశతాబ్దము గడచిన పిమ్మటను ఈ వృద్ధస్త్రీలు కొందరు పాటను విడువలేదట. రాత్రివేళ తలుపులు మూసికొని, తమలో తామే కూర్చుండి పదములు పాడుకొని అభినయించుకొనెడివారట. చూచుటకు రాజు లేడు, దేవుడు లేడు, చదివింపులు లేవు. పాడుటకు కారణము పాటయే. దొంగసొత్తువలె దాచుకొనవలసిన విద్యయా ఇది? మన పిల్ల పాడునపుడు వీథి తలుపు తెరచి పొరుగువారిని పిలుచుకొందుము. ఆ పదమునే ఆమె తలుపు మూసికొని పాడుకొనవలసి వచ్చెను.

తమిళదేశమున వీణ ధనమ్మాళ్ (1867-1938) పేరు సంగీతము తెలిసిన ప్రతి యింటను వినబడును. ఆమె కాపాడినవి మన తెలుగు పదములే. ఆమె మనుమరాలు బాలసరస్వతి ఆ పదములకే అభినయించి దేశదేశముల మన్నన గనెను. అచ్చట పేళ్లు నిలిచినవి. పదములు పుట్టిన భాష మాటలాడు సీమలో ఎన్ని పేళ్లు నిలిచినవి?

గన్నవరమునుండి అంతర్వేదికి

అమలాపురమునుండి తిరిగి అంబాజీపేట మీదుగా పోయిన గన్నవరము వచ్చును. ఇచ్చట వైనతేయ పాయమీద కాలువ నీరు ఆవలి లంకకు పోవుటకై 1850వ దశాబ్దమున కట్టిన ప్రసిద్ధమైన నీటివారధి కలదు. క్రింద నది, పైన కాలువ. దాని ప్రక్కనే కట్టిన క్రొత్తవారధికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆమె (1841-1909) ఈ లంకలోనే కాపురముండి, వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు కులభేదము చూడక అన్నము పెట్టిన మహాసాధ్వి. ఒక గృహిణి పేరు నదిమీద నిలుచుట మన కందరకు గర్వకారణము. అన్నము పెట్టిన చేతిని ఈ సీమ మరువలేదు. పాట పెట్టిన గొంతును గూడ తలచుకొనదగదా?

వారధి దాటి తాటిపాక, రాజోలు మీదుగా పోయిన దారి అంతర్వేదిలో ముగియును. అచ్చట వసిష్ఠ సముద్రమున కలియును. మాఘమాసమున లక్ష్మీనరసింహస్వామి కల్యాణమునకు, భీష్మైకాదశినాటి రథోత్సవమునకు జనము వెల్లువగా వచ్చును. కోనసీమను చూడదలచినవారు ఆ దినములలో పోవుట మంచిది. ర్యాలిలో మోహిని వెనుకవైపును చూడకుండ మరలి రావలదు. పలివెలలో కొప్పునకు నమస్కరించునపుడు పేరు లేని ఆ స్త్రీని కూడ ఒకమారు తలచుకొనుడు.

మన చేతిలోనున్న పనులు మరి రెండు మూడు కలవు. మీ యింట ముసలి అవ్వలుండిన, వారి బాల్యమున పెండ్లిపందిళ్లలో విన్న పాటలేవో, ఎవరు పాడిరో అడిగి వ్రాసి యుంచుడు. మీ పిల్లకు పదము నేర్పుచున్న ఉపాధ్యాయినిని, ఆ పదము ఎవరి నోటినుండి ఎవరి నోటికి వచ్చినదో చెప్పుమని కోరుడు. అయితే ఒక్క జాగ్రత్త వలయును. నేడు ఆ కుటుంబములవారు పెక్కుమంది ఉపాధ్యాయులై, ఉద్యోగులై, మన పొరుగుననే గౌరవముగా జీవించుచున్నారు. లోకము పెట్టిన బాధచేత పూర్వకథను మరువగోరువారు వారిలో కలరు. వారిని బలవంతముగా అడుగరాదు. చెప్పదలచినవారు చెప్పిన, పేరుతో సహా వ్రాసికొనవలెను. చెప్పదలపనివారి మౌనమును మన్నింపవలెను.

అన్నిటికంటె సులభమైన పని యొకటి కలదు. కోపము వచ్చినపుడు ఆడపిల్లను తిట్టుటకు ఆ కులపు పేరును వాడుట మన యిండ్లలో ఇంకను పోలేదు. అద్దము ముందు కొంచెము ఎక్కువసేపు నిలిచిన పిల్లను, గొంతెత్తి నవ్విన పిల్లను ఆ మాటతోనే అందుము. సాయంకాలము ఆ పిల్లచేతనే, ఆ స్త్రీలు కాపాడిన పాటను పాడించుకొందుము. ఆ తిట్టును నేటినుండి మన నోట రానీయక యుండుటకు చట్టము అక్కర లేదు, ధనము అక్కర లేదు.